కొండ మీద కారుకేం పని?

2025 వేసవిలో కొడైకెనాల్‌కు మామూలు రోజుల్లో 4 వేలు, వారాంతాల్లో 6 వేలకు మించి టూరిస్టు వాహనాలను రానివ్వొద్దని మద్రాస్ హైకోర్టు ఆదేశించింది. ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకు ఆ లెక్క 6 వేలు, 8 వేలు. ఏప్రిల్ 1 నుంచి జూన్ నెలాఖరు దాకా అమలైన ఈ ఉత్తర్వు మీద హోటళ్లవాళ్లూ వ్యాపారులూ మండిపడ్డారు. సెలవులకు బయల్దేరబోతున్న కుటుంబాలు పాస్ దొరుకుతుందో లేదోనని బెంగపడ్డాయి. ఇంత తక్కువా అన్నదే అందరి మాట. నిజానికి ఆ సంఖ్య తక్కువేమీ కాదు. చిన్న కారు పొడవు నాలుగు మీటర్లని లెక్కవేసినా, 4 వేల కార్లను సందు లేకుండా ఒకదాని వెనక ఒకటి నిలబెడితే 16 కిలోమీటర్ల వరస అవుతుంది. కొడై సరస్సు చుట్టూ ఉన్న రోడ్డు సుమారు 5 కిలోమీటర్లు. అంటే కోర్టు పెట్టిన హద్దులోపలే, అదీ రద్దీ లేని రోజున, సరస్సు చుట్టూ మూడు వరసల కార్లు నిలిచిపోగా ఇంకా కొన్ని మిగులుతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊళ్లో ఉండేది 36,501 మంది.  హద్దు పెట్టడం తప్పని నేను అనను. కానీ ఏ హద్దు పెట్టినా ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి దిగిపోయే యాత్రికుడికి కొండ మీద సొంత కారు అవసరమా? అవసరం లేదనీ, ఆ కారును కొండ కిందే ఆపి మనిషిని బస్సులో పైకి పంపితే ఇప్పుడొస్తున్న జనాన్ని తగ్గించకుండానే ఊరు ఊపిరి పీల్చుకుంటుందనీ నా వాదన.

ఈ వాదనకు మొదటి సాక్ష్యం ఆ ఊరి నిర్మాణంలోనే ఉంది. కొడైకెనాల్ కారు కోసం కట్టిన ఊరు కాదు. మైదానాల ఎండలకూ జ్వరాలకూ తట్టుకోలేక అమెరికన్ మిషనరీలు 1845లో అక్కడ మొదటి బంగళాలు కట్టుకున్నారు. మదురై కలెక్టరుగా పనిచేసిన సర్ వీర్ హెన్రీ లెవింజ్ 1863లో వాగుకు కట్ట వేయించి, బురదనేలను నక్షత్రం ఆకారపు సరస్సుగా మార్చాడు. లోయ అంచున కిలోమీటరు పొడవున సాగే కోకర్స్ వాక్ 1872 నాటిది. సూర్యుడిని పరిశీలించే వేధశాల 1899లో నెలకొంది. మదురై అటవీ అధికారి బ్రయంట్ సరస్సు ఒడ్డునే 20 ఎకరాల పైచిలుకు నేలలో తన పేరిట నిలిచిపోయిన తోటను తీర్చిదిద్దింది 1908లో. వీటన్నిటి తర్వాత, మొదటి ప్రపంచ యుద్ధం నాటికి గానీ ఆ కొండకు మోటారు రోడ్డు రాలేదు. అప్పటిదాకా పెరియకుళం దగ్గరి కృష్ణమనాయకన్ తోపు నుంచి కాలిబాటన ఎక్కాల్సిందే. దొరలూ దొరసానులూ డోలీల్లో, గుర్రాల మీద వెళ్లేవారు. మోసేవాళ్లు మాత్రం కాళ్లనే నమ్ముకున్నారు.   ఇప్పుడు జనం చూడటానికి ఎగబడుతున్న సరస్సు, తోట, లోయ అంచు బాట, మూడూ నడిచే మనుషుల కోసం, నడక దూరంలోనే ఏర్పడ్డాయి. బస్టాండులో దిగితే ఒకవైపు కోకర్స్ వాక్, మరోవైపు సరస్సు, సరస్సును ఆనుకునే బ్రయంట్ పార్క్. ఒక్క పగటి యాత్రలో చూడదగ్గదంతా ఈ ముక్కలోనే ఉంది. దీన్ని కారులో చూడబోతే చూసే సమయం కన్నా పార్కింగ్ కోసం తిరిగే సమయమే ఎక్కువవుతుంది.

తోట సంగతే చూద్దాం. బ్రయంట్ పార్క్‌ను మన వాళ్లు చాలామంది అరగంటలో ముగిస్తారు. గాజుటింటి ముందు ఒక ఫొటో, డాలియాల ముందు ఒకటి, గులాబీల ముందు ఒకటి, బయట మొక్కజొన్న పొత్తు. వందల రకాల చెట్లూ పొదలూ ముళ్లజాతులూ పెంచిన తోట అది. 1857 నాటిదని చెప్పే యూకలిప్టస్ చెట్టు ఒకటి అందులో ఉంది. ఆ చెట్టు దగ్గర నిలబడితే ఈ కొండల కథ సగం తెలుస్తుంది. ఇక్కడి సహజ అడవిని షోలా అంటారు. లోయ మడతల్లో పొట్టిచెట్ల దట్టమైన అడవి, దాని పైన గడ్డిమైదానం. వానను పట్టి ఉంచి ఏడాది పొడవునా వాగుల్లోకి కొంచెం కొంచెంగా వదిలేది ఈ జంటే. వంటచెరకు కోసం, కలప కోసం, తోలు ఊనే బెరడు కోసం ఆంగ్లేయులూ తర్వాత మన అటవీ శాఖలూ ఆ గడ్డి నేలల్లో యూకలిప్టస్, వాటిల్, పైన్ నాటుతూ పోయారు. ఈనాడు ‘ప్రకృతి ఒడి’ అని వీడియోలు తీసుకునే పైన్ ఫారెస్ట్ కూడా బ్రయంట్ కాలంలో మొదలైన ప్లాంటేషనే. ఇదంతా చెప్పగలిగిన తోట అది. చెప్పించుకోవడానికి మనకు తీరిక ఉండాలి. పార్కింగ్ టోకెన్ గడువు చూసుకుంటూ, ట్రాఫిక్ జామ్ కాకముందే ఘాట్ దిగాలని డ్రైవరు తొందరపెడుతుంటే ఎవరైనా చెట్టు పేరు చదువుతారా? పగటి యాత్రను తొందర యాత్రగా మార్చిన దాంట్లో కారు పాలు పెద్దది. బస్సు టైముకు బయల్దేరుతుందని తెలిసిన మనిషి ఆ వేళ దాకా నిశ్చింతగా కూర్చోగలడు.

వేధశాల సంగతి కూడా ఇంతే. సూర్యుడి మచ్చల నుంచి వాయువులు బయటికి పారడాన్ని జాన్ ఎవర్షెడ్ 1909లో కనిపెట్టింది అక్కడే. అప్పటి నుంచీ అది శాస్త్ర గ్రంథాల్లో ఆయన పేరుతోనే ఉంది. 1960లో ఆ వేధశాల పగ్గాలు చేపట్టిన వైనూ బప్పు హైదరాబాద్‌లో పెరిగినవాడు, నిజాం కాలేజీ విద్యార్థి. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. శతాబ్దానికి మించి సూర్యుడి చిత్రాలను భద్రపరిచిన ఆ చోటికి హైదరాబాద్ నుంచి వెళ్లే టూరిస్టు వ్యాన్లలో ఎన్ని ఆగుతాయో చెప్పలేం గానీ, ‘మంజుమ్మల్ బాయ్స్’ సినిమా వచ్చాక గుణ గుహల దగ్గర మాత్రం నిలబడే చోటు లేదు.

ఇక రెండో సాక్ష్యం అంకెల్లో ఉంది. సీజన్లో నీలగిరికి రోజుకు సుమారు 20 వేల వాహనాలు వస్తున్నాయని 2024లో హైకోర్టు ముందుకు లెక్క వచ్చింది. అందులో సగానికి పైగా కార్లు. ద్విచక్ర వాహనాలు వేలల్లో ఉన్నాయి. బస్సులు వెయ్యికి లోపే. ఆ లెక్క చూశాకే కోర్టు 2024 మే 7 నుంచి ఊటీ, కొడైలకు ఈ-పాస్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అడిగిన వాళ్లందరికీ పాస్ ఇచ్చారు, అది లెక్కపెట్టే ప్రయత్నం మాత్రమే. ఈ కొండలు ఎంత భారం మోయగలవో తేల్చే పనిని ఐఐటీ మద్రాస్‌కూ ఐఐఎం బెంగళూరుకూ అప్పగించి, మరుసటి ఏడాది తాత్కాలికంగా సంఖ్యలు పెట్టారు. ఇప్పుడు మనమే చిన్న లెక్క వేసుకుందాం. కారుకు నలుగురు చొప్పున 4 వేల కార్లలో 16 వేల మంది. అదే 16 వేల మందిని 40 సీట్ల బస్సుల్లో పంపితే 400 ట్రిప్పులు చాలు. పైకి వచ్చిన బస్సు జనాన్ని దింపి వెంటనే కిందికి పోతుంది. కారు మాత్రం తన యజమాని తిరిగినంతసేపూ ఊళ్లోనే ఎక్కడో చోట పడి ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద వాహనాల సంఖ్య బాగా తగ్గుతుంది, ఊళ్లో పార్కింగ్ బెడద ఇంచుమించు పోతుంది. పైగా ఆ ఈ-పాస్ నిబంధన ప్రభుత్వ బస్సులకు వర్తించదు. అంటే బస్సుల తలుపును కోర్టు తెరిచే ఉంచింది. ఆ తలుపులోంచి చాలినన్ని బస్సులను నడపాల్సింది ప్రభుత్వం.

ఒక్క పగలు వచ్చిపోయేవాళ్లు అంత చెరుపు ఏం చేస్తారని అడిగేవాళ్లుంటారు. కొండ ఊళ్లో చెత్తకూ మురుగుకూ పోయే దారి కిందికే. కొడై సరస్సు పొంగిన నీరే ఘాట్ రోడ్డు పక్కన సిల్వర్ కాస్కేడ్ జలపాతమై దూకుతుంది. వచ్చే యాత్రికులంతా కార్లు ఆపి చూసే మొదటి దృశ్యం అదే. సరస్సులో కలిసింది ఆ జలపాతంలో కనిపించకుండా పోదు. కొండ మీద వదిలింది కొండ మీదే ఉండదని ఆ ఊరికి అనుభవపూర్వకంగా తెలుసు. అక్కడి థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం వ్యర్థాల గొడవతో 2001లో మూతపడితే, అందులో పనిచేసిన 591 మందికి పరిహారం మీద ఒప్పందం కుదిరేసరికి 2016 వచ్చింది. టూరిస్టు పారేసే కవరుకూ పాదరసానికీ పోలిక లేదు, నిజమే. కానీ చిన్న ఊరి మురుగు కాలువలు, నీటి పథకాలు, చెత్త బండ్లు స్థానిక జనాభా లెక్కన ఏర్పడ్డవి. సీజన్ పగళ్లలో అంతకు ఎన్నో రెట్ల జనం వచ్చి వాటిని వాడుకుంటే ముందు నీళ్లకు కటకటలాడేది ఇళ్లలో ఉండేవాళ్లు. అంబులెన్సు జామ్‌లో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వచ్చేదీ వాళ్లకే.

అయితే మనుషుల సంఖ్యనే తగ్గించవచ్చు కదా, కార్ల మీద పడటమెందుకు? ఇది గట్టి ప్రశ్న. బస్సుల్లో వచ్చినా జనం జనమే. నీళ్లూ మరుగుదొడ్లూ వాళ్లకూ కావాలి. బస్సులతో నీటి సమస్య తీరుతుందని చెప్తే అది అబద్ధం. ఐఐటీ అధ్యయనం మనుషుల సంఖ్యకూ హద్దు ఉండాలని తేలిస్తే ఆ హద్దును ఒప్పుకోవాల్సిందే. కానీ ముందు ఏది తగ్గించాలన్నది న్యాయానికి సంబంధించిన విషయం. వాహనాలకు కోటా పెట్టి, ఆన్‌లైన్‌లో ముందు నొక్కినవాడికి పాస్ ఇచ్చే పద్ధతిలో కొండ ఎవరికి దక్కుతుంది? కారున్నవాడికి, సెలవు ముందే ఖాయమైనవాడికి. మదురై, దిండిగల్ నుంచి ఆదివారం పిల్లల్ని తీసుకుని బయల్దేరే బట్టల కొట్టు గుమస్తాకు బస్సే దిక్కు. చాలినన్ని బస్సులు లేనప్పుడు వాహనాల కోటా అతనికి మేలూ చేయదు, కీడూ చేయదు. అతను ఎప్పటిలాగే నిలబడి ప్రయాణం చేస్తాడు. ఒక కారు ఆక్రమించే చోటులో ఎంతమంది కొండను చూడగలరు అన్న లెక్కతో మొదలుపెడితే మనుషులకు హద్దు పెట్టాల్సిన రోజు వెనక్కి జరుగుతుంది.

రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛా సంచార హక్కు మాటేమిటని మరికొందరు అడుగుతారు. ఆ హక్కు మనిషిది. ప్రజాహితం కోసం దానిమీద సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చని అదే అధికరణం చెబుతోంది. సొంత వాహనాన్ని కొండ కింద ఆపమనడం మనిషిని ఆపడం కాదు. మహారాష్ట్రలోని మాథెరాన్‌లోకి మోటారు కార్లు వెళ్లవు. ఊరి పొలిమేరలో ఆగి నడిచో, బుల్లి రైలెక్కో, గుర్రమెక్కో వెళ్లాల్సిందే. ముంబై జనం దాన్ని హక్కుల ఉల్లంఘనగా కాదు, ఆ ఊరి ప్రత్యేకతగానే చూస్తారు. కర్ణాటకలో బందీపూర్ అడవి మధ్య ఉన్న హిమవద్ గోపాలస్వామి బెట్టకు భక్తులు తమ వాహనాలు కిందే ఆపి ప్రభుత్వ బస్సులో పైకి వెళతారు.

అంత దూరం పోనక్కర్లేదు, మనకు తిరుమల ఉంది. కొడైకి సీజన్లో వచ్చే జనాన్ని తలదన్నే సంఖ్యలో భక్తులు ఏడాదిలో ఏ రోజైనా ఆ కొండ ఎక్కుతారు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డుకు 1974లో రెండోది తోడై, ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు అయ్యాయి. కార్లను నిషేధించలేదు. కానీ తిరుపతి నుంచి వెంటవెంటనే ఆర్టీసీ బస్సు దొరుకుతుంది, ఇటీవల విద్యుత్ బస్సులూ వచ్చాయి. కొండ మీద తిరగడానికి దేవస్థానం ఉచిత బస్సులు ఉన్నాయి. ఇక అలిపిరి మెట్లు ఉండనే ఉన్నాయి. బస్సు ఎప్పుడొస్తుందో అన్న అనుమానం లేకపోతే కారున్నవాడు కూడా దాన్ని తిరుపతిలోనే వదిలేయడానికి వెనకాడడు. తిరుమల వెనక దేవస్థానం నిధులున్నాయి, కొడై మునిసిపాలిటీకి లేవు అనవచ్చు. సరే, కారుకు ఈ-పాస్ ఉచితంగా ఇవ్వడం దేనికి? సీజన్లో కొండ మీదికి వచ్చే ప్రతి కారుకూ గట్టి రుసుము పెట్టి, ఆ డబ్బుతోనే బస్సులు నడపవచ్చు.

వ్యాపారుల అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. హోటలు గదుల మీద, కొండవెల్లుల్లి, చాక్లెట్ అమ్మకాల మీద బతికే ఊరది. కొడై కొండవెల్లుల్లికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాస్ భయంతో గదులు రద్దవుతున్నాయన్న వాళ్ల ఫిర్యాదులో నిజం ఉండవచ్చు. కానీ అన్నం సామాన్లు డిక్కీలో సర్దుకొచ్చి, సాయంత్రానికి దిగిపోయే కారు వల్ల ఆ ఊరికి ఒరిగేదెంత? ఊరికి డబ్బు తెచ్చేది రెండు రాత్రులు ఉండే అతిథి. అందుకే ఈ ఇద్దరినీ ఒకే పాస్ కింద కట్టడం తెలివైన పని కాదు. గది ఖాయం చేసుకున్నవాడికి కారు అనుమతి ఇవ్వండి, ఆ కారు హోటలు ఆవరణలో ఆగి ఉండాలన్న షరతు పెట్టండి. పగటి యాత్రికుడికి మాత్రం వత్తలగుండు, పళని వైపుల్లో కొండ మొదట్లో పార్కింగ్, అక్కడి నుంచి బస్సు. ఇందులో డబ్బున్నవాడికి కాస్త వెసులుబాటు దొరుకుతుంది, దాన్ని దాచడం ఎందుకు? అతని రుసుముతో మిగిలినవాళ్ల బస్సు నడిస్తే ఆ అసమానత భరించదగ్గదే. ఊళ్లోని టాక్సీ, జీపు డ్రైవర్లకు దీనివల్ల బేరాలు పెరుగుతాయి కూడా. అయితే రేట్లు రాసిపెట్టి అమలుచేయకపోతే యాత్రికుడిని పిండేస్తారు, అదీ చూసుకోవాలి. పిల్లర్ రాక్స్, పైన్ ఫారెస్ట్ వైపు ఒక వలయంగా చిన్న బస్సులు తిరగాలి. ఆ మలుపుల్లో పెద్ద బస్సులు ఇరుక్కుంటాయన్నది వాస్తవం కనుక చిన్నవే కావాలి. వృద్ధులకూ వికలాంగులకూ కారు మినహాయింపు ఇవ్వడంలో ఎవరికీ పేచీ ఉండదు.

ఈ ఏర్పాట్లకు గడువు కూడా ఉంది. ఆ కొండల్లో నీలకురింజి పన్నెండేళ్లకోసారి విరగబూస్తుంది. 2006లో పూసింది, 2018లో పూసింది, మళ్లీ 2030లో పూయాలి. ఫోన్లూ వాటిలో తీసే వీడియోలూ 2018లో కన్నా ఇప్పుడు చాలా ఎక్కువ. కొండ మొత్తం నీలమైన చిత్రాలు చూసి బయల్దేరే జనాన్ని ఏ పాసూ ఆపలేదు. అప్పటికి కొండ కింద పార్కింగులూ బస్సులూ సిద్ధంగా లేకపోతే పూలున్న గడ్డినేలల్లోకే చక్రాలు ఎక్కుతాయి.

మన ప్రభుత్వాలకు ఇది పొరుగు రాష్ట్రం గొడవ కాదు. అరకులో ఇదే కథ మొదలై చాలా కాలమైంది. చలికాలం సెలవులొస్తే అనంతగిరి ఘాట్ మీద కార్లు బారులు తీరుతాయి. లంబసింగిలో, వంజంగిలో మంచు చూడబోయి హెడ్‌లైట్లు చూసి వచ్చేవాళ్లున్నారు. అరకుకు కొడైకి లేని అదృష్టం ఒకటుంది. విశాఖ నుంచి సొరంగాలు దాటుకుంటూ కొండెక్కే రైలు ఉంది. 2017లో దానికి అద్దాల పెట్టె తగిలిస్తే టిక్కెట్ల కోసం జనం ఎగబడ్డారు. పగటి యాత్రకు ఇంతకన్నా మంచి వాహనం లేదు. చేయాల్సింది ఆ పెట్టెలను పెంచడం, సెలవు రోజుల్లో అదనపు రైలు వేయడం, శృంగవరపుకోట దగ్గర పార్కింగ్ కట్టి అక్కడి నుంచి బొర్రా, అరకు, పద్మాపురం తోటల దాకా బస్సులు నడపడం, లంబసింగికి నర్సీపట్నం నుంచి తెల్లవారుజామున బస్సులు వేయడం. హైకోర్టు అంకెలు చెప్పేదాకా ఆగకుండా, వచ్చే డిసెంబరు రద్దీకి ముందే పర్యాటక శాఖా ఆర్టీసీ కలిసి కూర్చోవాలి. ముందు బస్సులు తెండి, పాసుల సంగతి తర్వాత చూద్దాం.